రాజ్యం గారి మోరిస్ మైనర్

"అది తలుపు కాదండీ, అలా కొట్టడానికి!"

వెంకట రమణ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నూజివీడులో ఆ ఇంటి ముందు పాత మోరిస్ మైనర్ కారు కనబడితే, రేకు గట్టిదో కాదో చూద్దామని బానెట్ మీద రెండు దెబ్బలు వేశాడు. అరుగు మీద మామిడికాయలు ఏరుతున్న అమ్మాయి చేతిలో కాయతో సహా లేచి వచ్చింది. విసిరేలాగే ఉంది.

"కారు అమ్ముతారని విన్నాను. హెడ్మాస్టరు ఉమాపతి గారిల్లు ఇదేనాండీ?"

"ఇదే. అమ్మేది మా నాన్న. నేను కాదు."

"మరి మీరు?"

"నడిపేదాన్ని."

రమణ మద్రాసులో ఓ సినిమా కంపెనీకి ప్రొడక్షన్ అసిస్టెంటు. డైరెక్టరు ఏనుగు కావాలన్నా, ఎద్దుల బండి కావాలన్నా తెల్లారేసరికి తెచ్చి నిలబెట్టేవాడు. నిన్నూ డైరెక్టర్ని చేస్తానని ప్రొడ్యూసరు ఏటా మాట ఇస్తూనే ఉన్నాడు. ఈసారి కంపెనీకి పాత విదేశీ కారు కావలసి వచ్చింది. రమణ సొంతూరు చాట్రాయి. నూజివీడులో అలాంటిదొకటి తిరుగుతుండేదని గుర్తుండి, రైలెక్కి వచ్చేశాడు.

ఉమాపతి గారు ఎదురొచ్చి మరీ కుర్చీ వేశారు. ఆయన బుక్ చేసిన మారుతి రేపో మాపో వస్తుంది. ఉన్నది ఒక్కటే షెడ్డు.

"తీసుకెళ్ళవయ్యా. ఇంగ్లీషువాళ్ళు దేశం ఖాళీ చేసి నలభై ఏళ్ళవుతోంది, వాళ్ళ కారు మాత్రం నా షెడ్డు ఖాళీ చెయ్యట్లేదు. రాజ్యం, ఒకసారి తిప్పి చూపించమ్మా."

రాజ్యలక్ష్మి తాళాలు తీసుకుంది. కారు దగ్గింది, తుమ్మింది, చివరికి దయతలచి కదిలింది. మామిడితోటల మధ్యనుంచి హనుమాన్ జంక్షన్ రోడ్డు పట్టారు. మలుపు దగ్గర తలుపు పక్కనించి చిన్న చెయ్యిలాంటిదొకటి టక్కున బయటికి చాచుకుంది.

"ఇదేంటండీ?"

"ఇండికేటరు. బయటికి రాకపోతే లోపల్నించి ఒక్కటివ్వాలి."

"ఇందాక కొట్టొద్దన్నారు!"

"మీరు పరాయివాళ్ళు."

ఇంకాస్త దూరం వెళ్ళేసరికి గాలివాన పట్టుకుంది. తోటల్లో కాయలు దబదబా రాలుతున్నాయి. వైపరు ఒక్క ఊపు ఊగి మధ్యలో అలిగి ఆగిపోయింది. రాజ్యం కారు పక్కకి తీసి ఆపింది. మరుక్షణం రమణ భుజం మీద నీటి చుక్కలు పడసాగాయి.

"ఆ సీట్లో నాన్న గొడుగు వేసుకుని కూర్చుంటారు," అంది తాపీగా.

రమణ పగలబడి నవ్వాడు.

"నవ్వకండి. విదేశాల్లో ఇలాంటి కార్లని ముద్దుగా దాచుకునేవాళ్ళున్నారట. మన దగ్గరా ఆ రోజు వస్తుంది. అందరూ తూకానికి అమ్మేసుకున్నాక, మిగిలిన ఒకటీ అరా కోసం వెతుక్కుంటూ వస్తారు."

"పాతబడితే చాలు విలువ పెరుగుతుందంటే, మా తాతయ్య కళ్ళజోడుని అద్దాల బీరువాలో పెట్టాలండీ."

"పెట్టండి, ఎవరొద్దన్నారు? నాకైతే దీనికి విలువ వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. చిన్నప్పుడు తోటనించి వచ్చేటప్పుడు రసాల బుట్టల మధ్య ఆ వెనక సీట్లోనే నిద్రపోయేదాన్ని. ఇప్పటికీ వాసన పోలేదు. కావాలంటే చూడండి."

రమణ వెనక్కి వంగి చూశాడు. నిజమే. పాత తోలు వాసన, దాని మీద మగ్గిన పండు వాసన. ఇటు తిరిగేసరికి ఆమె ముఖం దగ్గరగా ఉంది. ముక్కు మీద ఒక్క వాన చుక్క. ఏనుగునైనా తెచ్చిపెట్టేవాడికి ఓ మాట నోటికి తెచ్చుకోవడం చేతకాలేదు.

"ఇంతకీ మీ సినిమాలో ఇది ఎవరి కారు?" అని ఆమే అడిగింది.

హీరోయిన్ కారు అంటే సరిపోయేది. అనలేకపోయాడు.

"విలన్ కారండీ. క్లైమాక్సులో కొండమీంచి లోయలోకి తోసేస్తారు."

రాజ్యం చటుక్కున ముఖం తిప్పుకుని స్టీరింగు పట్టుకుంది. వాన తగ్గగానే కారు ఇంటికి తిప్పింది. దిగీ దిగగానే తండ్రికి సంగతి చెప్పింది. "మాటిచ్చేశాను కదమ్మా. అమ్మాక వాళ్ళ ఇష్టం," అన్నారాయన, కూతురి ముఖం చూడకుండా.

మర్నాడు డబ్బు చేతులు మారింది. తాళాలు మాత్రం ఆమే ఇచ్చింది.

"బ్రేకు రెండుసార్లు తొక్కాలి. ఒక్కసారికి వినదు." ఒక్క క్షణం ఆగి, "లోయ దగ్గర తొక్కక్కర్లేదు లెండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

హనుమాన్ జంక్షన్ దాకా ఆ మాట రమణని వదల్లేదు. టీ కొట్టు దగ్గర ఆపితే లారీ డ్రైవర్లు చుట్టూ మూగారు. "ఈ బొమ్మ ఎక్కడిదండీ? అమ్ముతారా?" అన్నాడొకడు నవ్వుతూ.

"అమ్మను!"

ఆ కోపం చూసి డ్రైవరు కన్నా రమణే ఎక్కువ కంగారుపడ్డాడు. టీ అలాగే వదిలేసి, పక్క కొట్లో ఫోన్ పట్టుకుని మద్రాసుకి ట్రంకాల్ చేశాడు.

"సార్, కారు తేవడం లేదు."

"దొరకలేదా?" అన్నాడు మేనేజరు.

"దొరికింది సార్. తోసెయ్యడానికి ఇవ్వను."

"అయితే నువ్వూ రాకు!"

మధ్యాహ్నానికి మోరిస్ మళ్ళీ నూజివీడులో, అదే అరుగు ముందు ఆగింది. రాజ్యం పరిగెత్తుకొచ్చి, పరిగెత్తినట్టు కనబడకూడదని గుమ్మంలో ఆగింది.

"ఏంటి, ఆగిపోయిందా?"

"ఆగింది నా ఉద్యోగమండీ. డైరెక్టరవడం కూడా."

"ఈ కారు కోసమా?"

"కారు కోసం ఉద్యోగం వదులుకునేంత పిచ్చివాణ్ణి కాదండీ. నడిపే మనిషి కోసం."

ఆమె ముఖం ఎర్రబడింది. కోపమనుకుని రమణ ఓ అడుగు వెనక్కి వేశాడు.

"ఎక్కడికి? వెళ్ళి మా నాన్నని అడగండి. నన్నడిగితే ఇక్కడే ఒప్పేసుకుంటాను."

ఉమాపతి గారు పొద్దున తీసుకున్న కంపెనీ డబ్బు తిరిగి బల్లమీద పెట్టి, కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎవరబ్బాయివయ్యా నువ్వు?"

"చాట్రాయి పోస్టుమాస్టరు గారబ్బాయినండి."

"మంచి మనిషే. మరి ఉద్యోగం లేకుండా..."

రమణ నోరు తెరిచేలోగా వంటింట్లోంచి రాజ్యం తల్లి సూర్యకాంతమ్మ గారు గరిటెతో వచ్చేశారు. "ఉద్యోగం రేపు ఇంకోటి వస్తుంది. పెళ్ళిచూపులకి వచ్చిన ప్రతివాణ్ణీ మీ అమ్మాయి ఆ కార్లో తిప్పింది. అందరూ దిగి బస్సెక్కి పారిపోయారు. తిరిగొచ్చినవాడు ఈ ఒక్కడే. ఇంకా ఆలోచిస్తారేంటి?"

ఉమాపతి గారు కూతురి వైపు చూశారు. ఈసారి ముఖంలోకే చూశారు.

"ముందు భోజనానికి లే నాయనా. సాయంత్రం మీ నాన్నగారి దగ్గరికి వెళ్దాం."

పెరట్లో రాజ్యం అతని చేతుల మీద నీళ్ళు పోస్తూ, "ఇక డైరెక్టరు అవ్వరా మరి?" అని అడిగింది.

"అవుతానండీ. ఎలాగో తెలీదు, అంతే."

"అవ్వండి. లోయలు లేని కథ చూసుకోండి. ముందు నన్ను 'అండీ' అనడం మానెయ్యండి."

"అలాగేనండీ," అన్నాడు రమణ.