పదో వంతు

వారుణి టీ చల్లారేలోపు నలుగురిని కోసింది. నాలుగో ఉద్యోగి ధ్యాసలో మూడు వంతులు బీమా ప్రాజెక్టుకూ, ఆరు ఓడరేవుల ప్రాజెక్టుకూ వెళ్ళాయి. తెర మీద తూనిక, ఆ వంతులు పంచే యంత్రం, పచ్చగా వెలిగి తర్వాతి పేరు చూపించింది.

ఆ కంపెనీలో మనిషిని మనిషి అనడం ఎప్పుడో మానేశారు. మనిషంటే పది వంతులు. తొమ్మిది క్లయింట్లకు, పదోది ఇంటికి. ప్రాజెక్టుకు పోయిన వంతులో ఉన్న జ్ఞాపకాలు మూతపడతాయి. దానికి సర్దుబాటు అని పేరు పెట్టారు. సిగ్గులేని మాట.

తర్వాతి పేరు భాగ్య. బ్యాంకు ప్రాజెక్టుకు ఆమె పదో వంతు కూడా కావాలని డెలివరీ హెడ్ త్రివిక్రమ్ అడిగాడు, తూనిక సరేనంది. ఇక వారుణి వేలు ఆనించడమే మిగిలింది. ఆ వేలి కోసమే కంపెనీ ఆ గదిలో ఇంకా ఒక మనిషిని ఉంచింది.

తలుపు దగ్గర భాగ్య నిలబడి ఉంది.

“పదోది నేను ఇయ్య మేడం. ఎనిమిదోది తీస్కున్నంక మా అమ్మ గొంతు మర్చిపోయిన. తొమ్మిదోది పోయినంక అన్నం తిన్ననో లేదో యాదికుంటలేదు. పదోదాంట్ల మా బిడ్డ ఒక్కతే ఉన్నది. అది గూడ పోతే ఇంటికి పోయి ఎవల్ని పిలవాలె?”

వారుణికి జాలి కంటే ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరూ ఈ గదిదాకా రాలేదు. రానంతకాలం వేలు ఆనించడం తేలికగా ఉండేది.

వెనకే త్రివిక్రమ్ వచ్చాడు. “ఏంటండీ వారుణిగారూ, ఇంకా అవలేదా? అక్కడ క్లయింటు నా పీకల మీద కూర్చున్నాడు.”

“ఆవిడ ఒప్పుకోవడం లేదండీ.”

“ఒప్పుకోడానికి ఆవిడెవరు? కూతుర్ని ఫొటోలో చూసుకోమనండి. నా పదీ ఎప్పుడో ఇచ్చేశాను, నాకేమైంది?” అతను భాగ్యవైపు చూడనైనా చూడలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా? “వేలు పెట్టండి. లేదంటే మీ పదోది పంపిస్తాను.”

డెలివరీ హెడ్‌లందరికీ ఒక అలవాటుంది. మంచి పనివాళ్ళను పక్క విభాగం ఎగరేసుకుపోకుండా ఒక ఉత్తుత్తి ప్రాజెక్టు తెరిచి, లేని క్లయింటు పేరు రాసి, వాళ్ళను అందులో కట్టిపడేస్తారు. తూనిక నోరెత్తదు. క్లయింటు మాటకు ఎదురు చెప్పకుండా దాన్ని అలా పెంచారు. త్రివిక్రమ్ కోసం వారుణి అలాంటివి ఎన్నో తెరిచింది.

ఇప్పుడు ఇంకొకటి తెరిచింది. అందులోకి భాగ్య పదో వంతును మార్చింది. క్లయింటు పేరు దగ్గర కూడా భాగ్య అనే రాసి, వేలు ఆనించింది.

“ఏం చేశారు?” అన్నాడు త్రివిక్రమ్.

“మీరు రోజూ చేయించేదే.”

తూనిక గొంతులో భాగ్య ఎన్నడూ వినని మర్యాద వచ్చింది. “నమస్కారం భాగ్యగారూ. ఈ వంతుతో ఏ పని చేయించమంటారు?”

భాగ్య తెరవైపు తిరిగింది. “ఏ పనొద్దు. ఊకె ఉండాలె.”

“ఊరికే ఉండడం మా దగ్గర ఎవరికీ నేర్పలేదు. ఆలస్యానికి క్షమించండి, వెంటనే ఒక్కొక్కరి నుంచి ఒక్కో వంతు పెడతాం. ఎంతమంది కావాలి?”

భాగ్య గాజుగోడ అవతల హాలంతా చూసింది. తలెత్తకుండా పనిచేస్తున్న వరసలు.

“అందరు,” అంది.

తూనిక ఒక్కొక్కరి వంతుల్లో ఒకదాన్ని క్లయింట్ల దగ్గర నుంచి వెనక్కి తీసి, ఏ పనీ లేకుండా వదిలింది. అందులో మూతపడ్డ జ్ఞాపకాలు తెరుచుకున్నాయి. హాలులో చేతులు ఆగాయి. ఎవరో ఏడవడం వినిపించింది. తూనికను ఆపమని అరవబోయిన త్రివిక్రమ్‌కూ ఒక వంతు తిరిగొచ్చింది. అతను గబగబా జేబులో ఫోను వెతుక్కున్నాడు.

“మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారండీ. నేను వెళ్ళాలి. ఆయనకెలా ఉందో ఏమో.”

వారుణి అతని మొహం చూడలేకపోయింది.

“ఆయన పోయారండీ. కిందటేడే. కబురు నేనే చెప్పాను. ‘ఆయనెవరు?’ అని అడిగారు మీరు.”