బన్నీ వలిచిన అరటిపండు

శ్రీదివ్య మేడమ్ బల్ల మీద ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. లోపల రంగురంగుల గోళీలు కనిపిస్తున్నాయి.

"తియ్యి నాన్నా! ఎడం చేత్తో డబ్బా పట్టుకో, కుడి చేత్తో మూత తిప్పు. రోజూ ఇంటి దగ్గర చేస్తున్నావుగా!"

ఐదేళ్ల బన్నీ డబ్బాను చూశాడు. కుడి చేత్తో దాన్ని పక్కనున్న అక్క లావణ్య వైపు నెట్టాడు.

"అక్కా, తీ."

లావణ్య తల దించుకుంది.

పుట్టినప్పుడే బన్నీ మెదడులో ఒకచోట దెబ్బ తగిలింది. డాక్టర్లు దాన్ని సెరిబ్రల్ పాల్సీ అన్నారు. వాడి ఎడం చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించుకునే ఉంటుంది. ఆ చేతికి పని నేర్పించడానికే అమ్మ వాణ్ణి తణుకు నుంచి రాజమండ్రిలోని ఈ థెరపిస్టు మేడమ్ దగ్గరికి తీసుకొస్తోంది. ఇంటి దగ్గర ఈ డబ్బా ఆట ఆడించేది మాత్రం ఐదో తరగతి చదివే లావణ్యే.

బన్నీ కాసేపు తంటాలు పడగానే ఆమెకు జాలేసేది. గబుక్కున తనే మూత తీసేసేది. అమ్మ అడిగితే, "వాడే తీశాడమ్మా" అనేది.

"వాడే తీస్తున్నాడన్నావు కదే!" అంది అమ్మ ఇప్పుడు, లావణ్య వైపు తిరిగి.

"వాడు ఏడుస్తుంటే చూడలేకపోయానమ్మా."

మేడమ్ లావణ్యను దగ్గరకు తీసుకున్నారు. "చిన్నప్పుడే ఆ చెయ్యి పని నేర్చుకోవాలమ్మా. నువ్వు తీసేస్తే దానికి ఎలా వస్తుంది? ఆలస్యమైనా ఫరవాలేదు, వాణ్ణే చెయ్యనియ్యి."

తిరుగు బస్సు రావులపాలెంలో ఆగింది. అమ్మ కిటికీలోంచి చక్కెరకేళీ అరటిపళ్లు కొని పిల్లలకు చెరొకటి ఇచ్చింది.

"అక్కా, వలువు" అన్నాడు బన్నీ.

లావణ్య చెయ్యి ముందుకు వెళ్లబోయింది. ఆగింది.

"నువ్వే వలుచుకోరా."

పండు జారి ఒళ్లో పడింది. బన్నీ మళ్లీ తీశాడు. మళ్లీ జారింది. వాడి పెదవి వంకర తిరిగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. లావణ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ముందు సీట్లోని ముసలామె వెనక్కి తిరిగింది. "అయ్యో, పసోడు ఏడుస్తుంటే అలా చూస్తావేంటే పిల్లా! ఇలా ఇయ్యి, నేను వలుస్తాను."

"వద్దండి మామ్మగారూ. వాడికి రావాలండి." లావణ్య తమ్ముడి వైపు వంగింది. "ఎడం చేత్తో పట్టుకోరా. నేను ఇక్కడే ఉన్నాను."

బన్నీ ఊపిరి బిగపట్టాడు. పిడికిలి కొంచెం విచ్చుకుంది. వేళ్లు ఒక్కొక్కటిగా పండు చుట్టూ బిగిశాయి. బాగా గట్టిగా బిగిశాయి, పండు నలిగింది కూడా. వాడు కుడి చేత్తో తొడిమ పట్టుకుని లాగాడు.

తొక్క చర్రున చీలింది.

"వచ్చింది! అక్కా, వచ్చింది!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలామె, "ఓరి నీ!" అని నవ్వేసింది.

మూతీ చొక్కా పాడుచేసుకుని బన్నీ ఆ పండంతా తిన్నాడు. తర్వాత లావణ్య పండు వైపు చెయ్యి చాపాడు.

"అదీ ఇయ్యి. నీకు నేను వలుస్తా."

లావణ్య ఇచ్చేసింది. బస్సు సిద్ధాంతం వంతెన ఎక్కింది, దిగింది, పెరవలి కూడా దాటింది. ఆమె తొందరపెట్టలేదు. చివరికి సగం చితికిన పండు చేతికొచ్చింది.

లావణ్య దాన్ని పైకెత్తి ముసలామెకు చూపించింది.

"మా తమ్ముడు వలిచాడండి!" అంది, బస్సంతా వినపడేలా.