మెట్లు ముట్టనివ్వని టీచరమ్మ

ఇల్లందులో బొగ్గుబావి క్వార్టర్లన్నీ ఒకే పోలికలో ఉంటాయి. అయినా జకర్యా ఇల్లు ఏదని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకు తీసుకెళ్లి చూపిస్తారు. ఆ ఇంట్లో పియానో ఉంది మరి. మిషన్ బడి మిస్సమ్మ తన దేశం వెళ్లిపోతూ, తాను పెంచి పాట నేర్పిన సవరమ్మకు దాన్ని ఇచ్చి పోయింది. రెండు గదుల క్వార్టరులో ఒక గది సగం దానికే సరిపోయింది. "నాకన్న దానికే ఎక్కువ జాగ ఇచ్చినవ్" అని పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన వేళాకోళాన్ని జకర్యా ఇరవై ఆరేళ్లయినా మానలేదు.

సవరమ్మ దగ్గర పియానో నేర్చుకోవాలంటే పిల్లల కన్నా పెద్దలకు ఓపిక కావాలి. నెలల తరబడి ఆవిడ పియానో మూతే తియ్యదు. పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి దో, రే, మీ, ఫా అని పాడిస్తుంది. ఒక్కో స్వరానికి చేత్తో ఒక్కో గుర్తు. దోకి పిడికిలి, మీకి బల్లపరుపుగా అరచెయ్యి, తీకి పైకి చూపే వేలు. పాట గొంతులో కుదిరిన పిల్లకే పియానో మెట్లు ముట్టుకునే యోగం. మిస్సమ్మ ఆమెకు అలాగే నేర్పింది, ఆమె కూడా అలాగే నేర్పుతోంది.

ఆ శనివారం పొద్దున సవరమ్మ వంటింట్లో నిలబడి చిక్కుడుకాయలు తుంచుతోంది. తల్లి దగ్గరే పాట నేర్చుకున్న కూతురు సంపూర్ణ తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి పొయ్యి మీది కుక్కరు దించింది.

"ఏందమ్మా, పక్కనే నిలబడి! ఏడు కూతలు కూసింది. పప్పు మాడిపోయింది చూడు!"

"ఏదో పరధ్యానంల ఉన్ననే."

అది పచ్చి అబద్ధం. ఏడాదిగా సవరమ్మ చెవులు మందగిస్తున్నాయి. ముందు పిట్టల అరుపులు పోయాయి, తర్వాత కుక్కరు కూత పోయింది, ఇప్పుడు పిల్లల సన్నటి గొంతుల వంతు వచ్చింది. మోటు గొంతులు, అరుపులు మాత్రం ఇంకా అందుతున్నాయి. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. వస్తే ఆశ్చర్యపోవాలి. బొగ్గుబావిలోకి గాలి పంపే పెద్ద ఫ్యాను దగ్గర పాతికేళ్లు పనిచేసి జకర్యా తన చెవులను ఎప్పుడో కంపెనీకి సమర్పించుకున్నాడు. ఆయన కోసం ఇంటిల్లిపాదీ అరిచే మాట్లాడుకుంటారు. ఆ అరుపుల చాటున సవరమ్మ హాయిగా దాక్కుంది. హాయిగా అంటే పైకి మాత్రమే. లోపల భయం ఆమెను తినేస్తోంది. చెవుల్లేని పాటల టీచరును ఎవరు టీచరంటారు?

ఎనిమిది గంటలకు పిల్లలు వచ్చారు. ఈమధ్య సవరమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. పిల్లల పాట వినదు, చూస్తుంది. చేతి గుర్తులు, పెదవుల కదలిక సరిగా ఉంటే పాట సరిగా ఉన్నట్టే లెక్క. హెడ్ క్లర్కు వెంకటరామారావు గారి కూతురు సుభాషిణి చేతులు పటంలో గీసినంత చక్కగా లేచాయి.

"శభాష్ బిడ్డా! వచ్చే వారం నుంచి నువ్వు పియానో ముందు కూర్చుంటావు."

తర్వాత చాంది వంతు. ఆర్టీసీ కండక్టరు రామ్‌చందర్ కూతురు. ఏడేళ్ల పిల్ల. పాట మొదలుపెట్టగానే కళ్లు మూసుకుంటుంది. చేతులున్న సంగతే మరిచిపోతుంది. ఆ రోజూ అంతే, లా దగ్గర చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

"తప్పు. మళ్లీ పాడు."

చాంది మళ్లీ పాడింది. మళ్లీ తప్పే అంది సవరమ్మ. మూడోసారి ఆ పిల్ల కళ్లు తెరిచి, "నేను మంచిగనే పాడిన టీచరమ్మా" అంది. మిగతా పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూపులు సవరమ్మకు బాగానే అర్థమయ్యాయి. అయినా గొంతు పెంచి, "ఎదురు చెప్పకు. నీకింకా కుదరలేదు" అంది. చాంది ఏడుస్తూ పలక సంచి తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం అయిదింటికి రామ్‌చందర్ వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా మీదే ఉంది. వెనక సీటు దాకా వినిపించే గొంతు ఆయనది. ఒక్క అక్షరం కూడా పొల్లు పోకుండా సవరమ్మ చెవిన పడింది.

"టీచరమ్మా, ఎనిమిది నెలలైంది. నా బిడ్డ గా పాట నిద్రల గూడ పాడ్తది. మొన్నొచ్చిన పిల్లను పియానో ముందట కూసోబెడ్తున్నరట. మా పిల్లను ఒక్కనాడు ముట్టనియ్యలే. ఎందుకో జెర చెప్పున్రి."

"దానికింకా కుదరలేదు తమ్మీ."

"కుదరకనా? లేకుంటే తండా పిల్ల ముట్టుకుంటే మైలపడ్తదా?"

సవరమ్మ మొహాన చాచి కొట్టినట్టయింది. ఆమె తల్లి ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా కడవలో నీళ్లు పోస్తారా అని ఎదురుచూసిన మనిషి. ఆ తల్లి కడుపున పుట్టి ఈ మాట పడాల్సి వచ్చింది! ఒక్క ముక్క చెబితే తీరిపోతుంది. 'నాకు వినబడటం లేదు తమ్మీ' అంటే చాలు. ఆ ముక్క గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. చెప్తే రేపటి నుంచి చాప ఖాళీ. చెప్పకపోతే తాను మైల పట్టించుకునే మనిషి. సవరమ్మ తల దించుకుంది.

ఆ మౌనాన్ని రామ్‌చందర్ తనకు తెలిసిన తీరులోనే అర్థం చేసుకున్నాడు. "సరే టీచరమ్మా. దేవుని పాటలు పాడే ఇల్లు గదా, గీడ గసుంటిది ఉండదనుకున్న" అని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

తలుపు దగ్గర నిలబడి ఉన్న సంపూర్ణ మొహం ఎర్రబడిపోయింది.

"అమ్మా, ఆయన గంత మాటన్నడు, కాదని ఒక్క మాటన్న అనవైతివి!"

"నువ్వు ఊకో."

"ఎట్ల ఊకుంట? పొద్దున నేను వంటింట్ల నించి విన్న. చాంది పాడింది సక్కగున్నది. సుభాషిణి పాడింది మొత్తం తప్పు. క్లర్కు బిడ్డకు ఒక న్యాయం, కండక్టరు బిడ్డకు ఒక న్యాయమా? గిట్లాంటి మనిషివి ఎప్పటినించి అయినవ్?"

"నాకు నేర్పొద్దే!"

"నేర్ప. రేపు చర్చిల నీ పక్కన కూసోను గూడ కూసోను. నాకు సిగ్గయితుంది."

వాకిట్లో కుర్చీలో కూర్చున్న జకర్యా లోపలికి వచ్చాడు. తల్లీకూతుళ్ల మొహాలు చూస్తే ఏదో మునిగిపోయిందని అర్థమైంది గానీ ఏమిటో తెలియలేదు.

"ఏందట? ఏమైందట?"

 సవరమ్మ పియానో మూత మీద చెయ్యి వేసి నిలబడింది. కన్నకూతురి కళ్లలో అసహ్యం చూడటం కన్నా చాప ఖాళీ అయిపోవడమే నయమనిపించింది.

"నాకు వినబడ్తలేదు" అంది మెల్లగా.

 జకర్యా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నవ్?" అన్నాడు.

"నాకు వినబడ్తలేదు!"

"గట్టిగ చెప్పవే, ఏమన్నవ్?"

ఏడాది పాటు ఊపిరి బిగబట్టి దాచుకున్న మాట. అది మొగుడికి చెప్పాలంటే అరిచి చెప్పాలి. సవరమ్మ అరిచింది. "నాకు చెవులు పోయినయ్! పిల్లల పాట వినబడ్తలేదు! చేతులు చూసి మార్కులేస్తున్న! గా పసిదానికి అన్యాయం చేసిన!" క్వార్టర్ల వరస వరసంతా ఆ మాట విన్నది. ఎదురింటి సీతయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

ఈసారి జకర్యాకు వినబడింది. భార్య పక్కకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. వేళాకోళం ఏదో ఆడబోయి ఆడలేకపోయాడు. సంపూర్ణ తల్లి కాళ్ల దగ్గర కూలబడి, "నన్ను క్షమించే అమ్మా, ముందే చెప్పొద్దా" అని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆదివారం ప్రార్థన కాగానే ముగ్గురూ రామ్‌చందర్ ఇంటికి వెళ్లారు. ఆయన భార్య రూప్లి మంచం వాల్చింది గానీ సవరమ్మ కూర్చోలేదు. వాకిట్లో గోడకు ఆనుకుని నిలబడిన చాంది ముందు వంగింది.

"బిడ్డా, నువ్వు మంచిగనే పాడినవ్. తప్పు నాది. నాకు వినబడక తప్పన్న. నన్ను క్షమించు."

రామ్‌చందర్ గొంతు మొదటిసారి తగ్గింది. "గా మాట నిన్ననే చెప్పొద్దా టీచరమ్మా? నేను ఎంత మాటన్న మిమ్మల్ని."

"సిగ్గు తమ్మీ. చెవులు పోయినయంటే నేనింకా ఏం టీచర్ని? ఇగ నేను పాఠాలు చెప్పుడు బంద్. పిల్లల పాట సంపూర్ణ వింటది, పాఠం అదే చెప్తది."

చాందికి ఈ పెద్దల మాటలతో పనేమిటి? "అయితే నన్ను మెట్లు ముట్టనిస్తరా?" అంది.

మధ్యాహ్నం అందరూ కలిసి సవరమ్మ ఇంటికి వచ్చారు. ఆమె తన చేత్తో మూత తీసి, చాందిని ఎత్తి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఎనిమిది నెలలుగా గొంతులో మోసిన పాట కోసం ఆ పిల్ల కుడివైపు సన్నటి స్వరాల మెట్లను ఒక్కొక్కటిగా తడిమింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి పాట దొరికింది. సంపూర్ణ రెండు చేతులతో నోరు మూసుకుంది, రామ్‌చందర్ కళ్లు తుడుచుకున్నాడు. సవరమ్మకు మాత్రం చెక్క తట్టిన చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు.

చాంది వెనక్కి తిరిగింది. "వినబడ్డదా టీచరమ్మా?"

ఈమధ్య అలవాటైన 'శభాష్' నాలుక చివరిదాకా వచ్చింది. సవరమ్మ దాన్ని మింగేసింది. "లేదు బిడ్డా."

చాంది స్టూలు మీద ఎడమవైపుకు జరిగి, అక్కడొక మెట్టును దో అనుకుని అదే పాట అక్కడినుంచి వాయించింది. ఏ మెట్టు అని ఎవరినీ అడగలేదు. పాట ఒంట్లో ఉంది, ఎక్కడ మొదలుపెట్టినా వస్తుంది.

"ఇప్పుడు?"

"లేదు బిడ్డా."

ఇంకా జరిగింది. చేతులు అందక స్టూలు దిగి నిలబడింది. ఎడమవైపు చివర, లావు తీగల బరువు స్వరాల మెట్ల మీద పిడికిలంత చెయ్యి పరిచి మొదటినుంచి అందుకుంది. దో... మీ... ఫా... సో... లా.

సవరమ్మ కళ్ల వెంట నీళ్లు బొటబొటా రాలాయి.

"వినబడ్తుంది" అంది. "వినబడ్తుంది బిడ్డా. లా సక్కగున్నది. ఫా దగ్గరే జల్దీ చేస్తున్నవ్. మళ్ల మొదటినించి."