ఒత్తు లేని జాగ్రత్త

చంపాల్సిన మనిషి ఫొటోను బల్ల మీద పెట్టి, చీఫ్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"గుర్తుపట్టావా?"

ఎదురుగా ఉన్న ఏజెంటు గొళ్లెం గుర్తుపట్టకపోవడమేమిటి? రెండు ఆపరేషన్లలో ఆమె పక్కన మొగుడి వేషం కట్టాడు. డిపార్ట్‌మెంటులో ఆమెను వయొలిన్ అంటారు. చేతిలో ఎప్పుడూ వయొలిన్ పెట్టె ఉంటుంది, అందులో వయొలిన్ ఉండగా చూసినవాళ్లు మాత్రం లేరు. ఆమె గదిలోకి వస్తే మాట్లాడుతున్న మగాళ్లు ఎక్కడిదాకా చెప్పారో మర్చిపోతారు. ఏడాదిగా ఒక విదేశీ గడియారాల కంపెనీలో సెక్రటరీగా ఉంటోంది. ఆ కంపెనీ ముసుగులో నడిచే ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. నిజానికి ఆమె వాళ్ల గుట్టంతా ఇటు చేరవేస్తోంది. పక్కా డబుల్ ఏజెంట్.

"అలా అనుకున్నాం," అన్నాడు చీఫ్. "ఇప్పుడు నిజంగానే వాళ్ల మనిషి. బయటి దేశాల్లో మారుపేర్లతో ఉన్న మనవాళ్ల జాబితా అమ్మేసింది. ఆ కంపెనీ డైరెక్టర్ డెస్క్‌టాప్‌లో, హిడెన్ ఫైల్స్‌లో సాక్ష్యం ఉందని కబురు. నువ్వు కంప్యూటర్ రిపేరువాడివి. లోపలికి వెళ్లు, చూడు, ఫోన్ చెయ్యి."

కోడ్ మామూలు రిపేరు భాషలోనే పెట్టారు. 'పార్టు మార్చాలి' అంటే సాక్ష్యం దొరికిందని. ఆ మాట వినగానే ఎదురు వీధిలో వ్యాన్‌లో కూర్చున్న డ్రైవరు కిటికీలోంచి ఆమెను కాల్చేస్తాడు. డ్రైవరంటే పేరుకే, అతను స్టీరింగ్ పట్టుకున్నదానికంటే రైఫిల్ పట్టుకున్నదే ఎక్కువ. 'తుడిస్తే సరిపోతుంది' అంటే ఆమె తప్పేమీ లేదని, వెనక్కి వచ్చేయమని. ముగ్గురూ ఒకే లైన్‌లో ఉంటారు. పదీ యాభైలోగా తేల్చెయ్యాలి.

బ్రీఫింగ్ అయ్యాక చీఫ్ ఎప్పటిలాగే చిన్న చీటీ మీద ఒక్క మాట రాసి చేతిలో పెట్టాడు. 'జాగ్రత.'

ఆ మాటకి త కింద ఇంకో త ఉండాలి. చీఫ్ ఆ ఒత్తు ఎన్నడూ రాసినవాడు కాదు. ఇంట్లో బీరువా మీద, మందుల సీసాల మీద, గ్యాస్ స్టవ్ పక్కన, ఎక్కడ రాసినా 'జాగ్రత'. "పెళ్లిచూపులప్పుడే ఉత్తరం చూసి అనుకున్నాను, ఈయన ఒత్తు పుట్టింట్లో వదిలేసి వచ్చారని," అంటుంది గొళ్లెం వాళ్ల అక్క. ఎందుకంటే చీఫ్ ఆమె మొగుడు. గొళ్లేనికి స్వయానా బావ. అక్కాతమ్ముళ్ల అమ్మానాన్నలు చనిపోయిన ఏడాదే గొళ్లేన్ని ఇంటికి తెచ్చుకుని, చదివించి, తాళాలు తీయడం నేర్పి, ఏ గొళ్లెమూ వీడికి అడ్డు కాదని ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఇంట్లో బావ, ఆఫీసులో సార్. ఆ గీత గొళ్లెం పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా దాటలేదు.

చీటీ చదివి చింపెయ్యాలని రూలు. ఈ ఒక్క రూలూ గొళ్లెం పాటించేవాడు కాదు. పదిహేనేళ్ల చీటీలూ ఇంట్లో సబ్బుపెట్టెలో దాచుకున్నాడు. సాహసాలన్నిట్లోంచీ ప్రాణాలతో వచ్చింది వాటి వల్లేనని అతని పిచ్చి నమ్మకం.

పదింపావుకల్లా నీలం చొక్కా, చంకలో సంచీ, జేబులో నాలుగు స్క్రూడ్రైవర్లతో గడియారాల కంపెనీ మూడో అంతస్తులో తేలాడు. ఒక స్క్రూడ్రైవరు పిడిలో కెమెరా ఉంది. గోడ నిండా గడియారాలే. ఏ రెండూ ఒక టైము చూపించడం లేదు. ఇలాంటి షాపులో కొన్నవాడు ఏ రైలూ అందుకోలేడనుకున్నాడు.

తలుపు తీసింది వయొలిన్. ఒక్క రెప్ప కూడా అదనంగా వెయ్యలేదు.

"డైరెక్టర్ గారు పదకొండింటికి వస్తారు. ఆలోపు అయిపోవాలి," అంటూ అతన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. కంప్యూటర్ చూపిస్తూ బల్ల అంచు మీద వేలితో మూడుసార్లు తట్టింది. వాళ్లిద్దరి పాత గుర్తు అది. ఎవరినీ నమ్మకు అని. ఇదివరకైతే అతను అప్రమత్తమయ్యేవాడు. ఇవాళ ఒళ్లు మండింది. అమ్ముకున్నది చాలక నాటకం కూడానా అనుకున్నాడు.

ఆమె బయటికి వెళ్లగానే కుర్చీ లాక్కున్నాడు. డైరెక్టర్ ఫోల్డర్‌లో గడియారాల బొమ్మలు, ధరల పట్టీలు, అంతే. పైన వ్యూ నొక్కాడు. ఆప్షన్స్‌లోకి వెళ్లి, హిడెన్ ఫైల్స్ చూపించమన్న చోట టిక్ పెట్టాడు. అంతవరకూ ఖాళీగా ఉన్న చోట ఒక ఫోల్డరు తేలింది, ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కా రంగులో. ఇదీ బావ నేర్పినదే. దాచినదేదైనా బయటపడితే కాస్త పాలిపోయి కనిపిస్తుందనీ, మనుషులూ అంతేననీ ఆయన క్లాసులో చెప్పేవాడు.

ఫోల్డర్ తెరిచాడు. వయొలిన్ పేరుతో ఉత్తరాలు. జాబితా తన దగ్గరుందని, పంపడానికి సిద్ధమని. కింద ఆమె సంతకం.

మొదట కోపం రాలేదు, సిగ్గేసింది. పోయిన ఆపరేషన్‌లో, రైలు పెట్టెలో అతనికి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది ఈ చేతులేనా? ఎంత తేలిగ్గా నమ్మేశాడు. ఫోన్ అందుకున్నాడు.

నంబరు నొక్కబోతూ ఆగింది అతను కాదు, అతని కుడిచెయ్యి. దానికి వేరే గురువు ఉంది.

వేషం నమ్మేలా ఉండాలని పోయిన వారం ఒక రిపేరు షాపులో మూడు రోజులు పనిచేశాడు. ఓనరమ్మను అందరూ షాపు పిన్ని అంటారు. మొదటిరోజే అతను హిడెన్ ఫైల్స్ చూపించి మురిసిపోతుంటే ఆమె పెన్సిల్‌తో వేళ్ల మీద ఒక్కటిచ్చుకుంది. "అప్పుడే సంబరపడిపోకు బాబూ. కిందికి దిగు. సిస్టమ్ ఫైల్స్ దాచమని ఇంకో టిక్ ఉంటుంది. అది తీసెయ్. అసలు సరుకు అక్కడ కూర్చుంటుంది." ఆ మూడు రోజులూ రెండో టిక్ మర్చిపోయినప్పుడల్లా పెన్సిల్ దెబ్బ పడింది. ఇన్నేళ్ల సర్వీసులో ఈ మాత్రం తెలియదని చెప్పుకోవడం నామోషీ అనిపించి, బావకు ఆ సంగతి చెప్పలేదు.

అలవాటుపడ్డ చెయ్యి కిందికి దిగి రెండో టిక్ తీసేసింది. ఇవి ముట్టుకోకూడని ఫైల్స్, నిజంగా చూడాలా అని కంప్యూటర్ అడిగింది. చూడాలన్నాడు.

ఇంకో ఫోల్డరు. మొదటిదానికంటే పాలిపోయి ఉంది. లోపల ఒక్కటే ఫైలు, తెలుగులో.

'ఉత్తరాలు మా వాడికి దొరికేలా పైనే పెట్టండి. 10.50కి అమ్మాయి పని అయిపోతుంది. 11.00కి జాబితా కొన్నవాళ్లకి దానంతటదే వెళ్లాలి. నింద ఆమె మీద పడుతుంది.'

దాని కింద ఏడు పేర్లు. ఆరుగురు పరాయి దేశాల్లో ఉన్నవాళ్లు, ఏ ఊళ్లో ఏ పేరుతో ఉన్నారో సహా. ఏడో పేరు గొళ్లెం. పక్కన ఇలా ఉంది.

'ఈ పని అయ్యాక వీడు మీ ఇష్టం. ఎలాంటి తాళమైనా తీస్తాడు. జాగ్రత.'

గొళ్లెం ఆ మాట మూడుసార్లు చదివాడు. ఒత్తు ఎక్కడైనా ఉందేమోనని వెతికాడు. స్క్రీన్‌కి దగ్గరగా వంగి, వేలితో తుడిచి మరీ చూశాడు. లేదు. పొద్దున తనకు చెప్పిన జాగ్రత్తే తన గురించి వాళ్లకూ చెప్పాడు. తాళాలు తీయడం నేర్పింది, అన్నం పెట్టింది, అక్కకు మొగుడైంది ఈ మనిషే. ఏడుపు వచ్చింది. రిపేరువాడు డైరెక్టర్ కుర్చీలో కూర్చుని ఏడిస్తే బాగుండదని కళ్లు మూసుకుని మింగాడు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడిని స్క్రీన్ వైపు తిప్పి ఫొటోలు తీశాడు.

ఫోన్ మోగింది. పదీ నలభై ఏడు.

"ఏమయ్యా, పార్టు సంగతి తేలిందా?" బావ గొంతు, రోజూ ఉన్నంత నెమ్మదిగానే ఉంది.

"చూస్తున్నా సార్. రెండు నిమిషాలు."

"కనపడింది కనపడినట్టు చెప్పు. మరీ లోతుకి పోకు."

"అలాగే సార్."

తల తిప్పితే గుమ్మంలో వయొలిన్. గొళ్లెం మానిటర్ ఆమె వైపు తిప్పాడు. ఆమె చదివింది. తన చావు టైముతో సహా చదివి, పక్కనున్న కుర్చీ పట్టుకుంది.

"ఆరు నెలల నుంచీ మొత్తుకుంటున్నాను, మన ఆఫీసులోనే ఎవడో ఉన్నాడని. రిపోర్టు మీద రిపోర్టు పంపాను."

"ఎవరికి పంపావు?"

"సార్‌కే," అంది. తర్వాత చిన్నగా అడిగింది.

"నువ్వూ నమ్మావా, నేనే అని?"

"నమ్మాను," అన్నాడు గొళ్లెం. ఆ రోజు అతను చెప్పిన మాటల్లో అన్నిటికంటే కష్టమైనది అదే.

ఆమెను కిటికీకి దూరంగా గోడవారన నిలబెట్టి ఫోన్ చేశాడు. లైన్‌లో డ్రైవర్ ఊపిరి కూడా వినిపిస్తోంది. గొళ్లేనికి ఉన్న ధైర్యమల్లా అదే. డ్రైవరు కోడ్‌కి తప్ప మనుషులకు విధేయుడు కాదు.

"సార్, పూర్తిగా చూశాను. తుడిస్తే సరిపోతుంది."

చీఫ్ గొంతు కాస్త పెరిగింది.

"సరిగ్గా చూశావా?"

"రెండు టిక్కులూ చూశాను సార్."

బావకు ఆ మాట అర్థమై ఉండదు. డ్రైవరు మాత్రం ఓకే అని ముక్తసరిగా అన్నాడు, రైఫిల్ మడిచిన చప్పుడు వినిపించింది. చీఫ్ ఫోన్ పెట్టేశాడు. ఆ వెంటనే గొళ్లెం ఫొటోలన్నీ డిపార్ట్‌మెంటు పెద్దాయనకి పంపాడు. చీఫ్ మీద అధికారమున్నది ఆయన ఒక్కడికే.

ఇక జాబితా. పదీ యాభై ఎనిమిది. పంపడం ఆపబోతే పాస్‌వర్డ్ అడిగింది. ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు. మూడోది తప్పయితే ఇప్పుడే పంపేస్తానని మెషీన్ బెదిరించింది. కంప్యూటర్ ఆపేద్దామంటే, ఆపితే వెంటనే వెళ్లిపోయేలా కట్టుదిట్టం చేశారు. పదీ యాభై తొమ్మిది. గోడ మీద గడియారాల్లో కొన్ని అప్పుడే పదకొండు కొట్టేశాయి.

డిపార్ట్‌మెంటు ఇచ్చిన కెమెరాలూ ట్రాన్స్‌మిటర్లూ ఒక్కటీ ఇక్కడ అక్కరకు రాలేదు. గొళ్లెం బల్ల కిందికి దూరి, వెనక నెట్ వైరు పట్టుకుని లాగాడు. రాలేదు. దాని కొసన ఉండే చిన్న ప్లాస్టిక్ నాలుక లోపలికి ఇరుక్కుపోయింది.

"ఇరవై సెకన్లు," అంది వయొలిన్ పైనుంచి.

అతను సన్న స్క్రూడ్రైవర్ దూర్చి నాలుకను నొక్కాడు. జారింది. మళ్లీ నొక్కాడు.

"మూడు... రెండు..."

టక్కుమని ఊడింది. పైన స్క్రీన్ మీద నెట్‌వర్క్ లేదని వచ్చింది. ఏడుగురి ప్రాణాలు చేతిలో వైరు ముక్కలా పట్టుకుని గొళ్లెం బల్ల కిందే కాసేపు కూర్చుండిపోయాడు.

గడియారాల డైరెక్టరు ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. పెద్దాయన కబురు అందుకున్న డ్రైవరు మెట్ల మీద అతని కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

గొళ్లెం ఇంటికి వెళ్లి సబ్బుపెట్టె తీసుకుని, మధ్యాహ్నం ఒంటిగంటకి చీఫ్ గదిలోకి వెళ్లాడు. పెద్దాయన పంపిన ఇద్దరు మనుషులు గుమ్మం బయటే ఆగారు. బల్ల మీద రెండు క్యారేజీలున్నాయి. అక్క ఎప్పటిలాగే మొగుడికొకటి, తమ్ముడికొకటి పంపింది. ఇంతలో ఆమె మెసేజ్ కూడా వచ్చింది, ఇద్దరూ వేళకి తిన్నారా అని. దానికి ఏం జవాబివ్వాలో తెలియక ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

చీఫ్ ముఖం వెలిసిపోయి ఉంది. గొళ్లెం ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"ఎందుకు బావా?"

ఆ గదిలో ఆ పిలుపు అదే మొదటిసారి. ఆయన క్యారేజీల వంక చూశాడు. కళ్లద్దాలు తీశాడు, తుడవలేదు. నోరు తెరిస్తే వచ్చింది వృత్తికి సంబంధించిన ప్రశ్నే.

"నేనని ఎలా పట్టుకున్నావు? నా పేరు ఎక్కడా లేదు. చేతిరాత కూడా కాదు, టైపు చేసిందే."

గొళ్లెం సబ్బుపెట్టె మూత తీసి, పదిహేనేళ్ల చీటీలు ఆయన ముందు కుమ్మరించాడు.

"అక్క మొదటి నుంచీ చెబుతూనే ఉంది బావా, ఆ ఒత్తు పెట్టి రాయండి అని."