పెళ్ళిచూపుల్లో టీకా మాట

పెళ్ళిచూపులకు వచ్చినవాడు ఉగ్గాణి బాగుందనో, ఎండ మండిపోతోందనో అని ఊరుకోవాలి. హరి ఊరుకోలేదు.

పెనుకొండ దగ్గరి పల్లెలో, లక్ష్మన్న ఇంటి వసారాలో కూర్చుని, తనకు బెంగళూరు ఇంజనీరు ఉద్యోగం విసుగెత్తిందన్నాడు. పుట్టి పెరిగింది ధర్మవరమైనా మనసెప్పుడూ పల్లె మీదేనన్నాడు. ఇక్కడి గాలి మంచిదన్నాడు, తిండి మంచిదన్నాడు. లక్ష్మన్న కూతురు పద్మావతి అంతవరకు ఓర్చుకుంది. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెది. పెనుకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. ఎండాకాలం ఆ మంచి గాలిలోనే ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరుగెత్తుతుంది. అయినా కుర్రాడు బాగున్నాడు. దొంగచూపు చూడబోయి దొరికిపోతే చెవులదాకా ఎర్రబడుతున్నాడు.

అంతలో ఆమె వదిన స్వప్న, చంకలో ఏడాదిన్నర పాపతో కాఫీ తెచ్చింది. హరి పాప బుగ్గ నిమిరి, "ఇంత మంచి గాలిలో పెరిగే పిల్లలకు ఇన్ని టీకాలు దేనికక్కా? అంతా కంపెనీల బిజినెస్" అన్నాడు.

పద్మావతి చేతిలోని గ్లాసు ఠక్కున కింద పెట్టింది. పెద్దవాళ్ళు అది సిగ్గనుకున్నారు.

ఆ మాట అక్కడితో పోయి ఉంటే బాగుండేది. బుధవారం పాపకు కంఠసర్పి టీకా బూస్టరు వేయించాలి. మంగళవారం పొద్దున్నే స్వప్న వేయించనని తేల్చేసింది. పోయినసారి సూది వేశాక జ్వరమొచ్చి పాప రాత్రంతా ఏడ్చింది. ఆ భయం ఆమెలో ముందే ఉంది. ఇప్పుడు దానికి ఒక ఇంజనీరు వత్తాసు దొరికింది.

వదినా మరదళ్ళు పట్టుపురుగుల షెడ్డు ముందు వాదులాడుకున్నారు. గుమ్మంలోని బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు ముంచనిదే కన్నతండ్రినైనా ఆ షెడ్డులోకి రానివ్వదు స్వప్న. జబ్బు రాకముందే పురుగుల మీద సున్నం చల్లే మనిషి. పురుగుకు చేసేది బిడ్డకు చేయలేవా అని పద్మావతి అడిగేసింది.

స్వప్న ముఖం మాడిపోయింది. "నువ్వు డిగ్రీ చదివినావు. ఆయప్ప ఇంజనీరు. మీ ఇద్దరే ఒక మాట మీద లేరు. మధ్యలో నా బిడ్డకు సూదా?"

పద్మావతి నాయన ఫోన్‌లో నంబరు చూసి హరికి ఫోన్ చేసింది. టీకాల గురించి ఏం చదివారని అడిగింది. అతను నవ్వాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారని, మాటవరసకు అన్నానని చెప్పాడు.

"మాటవరసకా? ఆ మాట ఈడ మా వదిన నెత్తికెక్కి కూచోనుండాది. పాపకు టీకా వేయించదంట. బెంగళూరులో మీరేం మాట్లాడినా పక్క ఫ్లాటోడు కూడా వినడు. ఈడ వింటారు. చదువుకున్నోడు చెప్పినాడని నమ్ముతారు. గాలి బాగుంటే గొంతు మూసుకుపోయే కంఠసర్పి రాదా? మా మేనత్త ఈ గాలిలోనే చిన్నప్పుడు దాంతో పోయింది. రేపు వచ్చి నువ్వే చెప్పు. రాకపోతే ఈ సంబంధం మాట ఎత్తొద్దు."

మీరు కాస్తా నువ్వు అయింది. ఇద్దరూ గమనించారు. ఎవరూ దిద్దలేదు.

బుధవారం పొద్దున హరి హిందూపురంలో బస్సు మారి, వానలో తడుస్తూ దిగాడు. స్వప్న షెడ్డులో ఉంది. పురుగులు గూళ్ళు కట్టే ముందు ఆబగా తినే రోజులవి. మేత ఆపి బయటికి రానంది. హరి గుమ్మం దగ్గరికి వెళ్ళగానే ముక్కు మూసుకుంది. అతను పూసుకున్న సెంటు వాసనకు పురుగులు చచ్చిపోతాయని తరిమేసింది. అతను తొట్టి దగ్గర తలమీంచి నీళ్ళు పోసుకుని, లక్ష్మన్న లుంగీ చుట్టుకుని వచ్చి, బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు ముంచాడు.

"ఈ నీళ్ళు ఏ కంపెనీ బిజినెస్సో అడగలేదే?" అంది పద్మావతి.

అతను తల దించుకుని లోపలికి పోయాడు. మల్బరీ కొమ్మలు మోస్తూ స్వప్న వెనకే నడిచాడు. "నాకు ఏమీ తెలీదక్కా. మీ మరదలి ముందర తెలివైనోని మాదిరి కనపడాలని అన్న్యాను. మా అక్క పిల్లోళ్ళకు అన్నీ వేయించినాం. మీ పాపకూ వేయించండి."

"జ్వరమొస్తే?"

"వస్తాదంట. తగ్గేదాకా ఈడే ఉంటా. నన్ను తిట్టండి."

మేత అయ్యాక స్వప్న చేతులు కడుక్కుని పాపను ఎత్తుకుంది. అంగన్‌వాడీలో టీకా పడింది.

మధ్యాహ్నానికి జ్వరం వచ్చింది. నర్సు ఇచ్చిన సిరప్ పోసి, స్వప్న తిట్లు మొదలుపెట్టింది. హరి చదువుతో మొదలై, అతన్ని కన్నవాళ్ళ మీదుగా ధర్మవరం మొత్తాన్ని చుట్టి వచ్చింది. ఇది మామూలేనని నర్సు పొద్దునే చెప్పింది. ఆ మాట గుర్తుచేసి తప్పించుకోవచ్చు. అతను మాత్రం పాప నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ "అవునక్కా" అంటూ కూర్చున్నాడు. బెంగళూరు బస్సు టైము దాటిపోయింది. కదల్లేదు.

వింటూ వింటూ పద్మావతికి కోపం వచ్చింది. వదిన మీద. ఆయన్ను అన్ని మాటలంటుందా అని. ఆ కోపం ఎవరి తరఫునో తెలిసి తనే ఉలిక్కిపడి, వాన చూసే నెపంతో వాకిట్లోకి పోయింది.

దీపాలు పెట్టే వేళకు పాప ఒళ్ళు చల్లబడింది. హరి మూతిమీద గుద్ది, బిస్కెట్ అడిగింది. స్వప్న కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మళ్ళా సూది దీనికి ఐదేళ్ళు నిండినాకంట. అప్పుడు కూడా నేను తిట్టాల. ఆ పొద్దుకు ఈయప్పను ఇంట్లో మనిషిని చేసి పెట్టు మామా" అంది లక్ష్మన్నతో.

హరి ఆరేసిన చొక్కా వేసుకుని ధర్మవరం బస్సుకు బయల్దేరాడు. లక్ష్మన్న కూతురి వైపు తిరిగి, వాళ్ళింటికి ఏమని చెప్పమంటావని అడిగాడు.

"ఒప్పుకున్న్యానని చెప్పు నాయనా" అంది పద్మావతి, హరికి వినపడేలా. "కోపం ఇంకా పోలేదని కూడా చెప్పు."