కొజిమాలో దిగిన వాన

నా పేరులో మొదటి అక్షరానికి ఎండకాసే ఆకాశం అని అర్థం. అమ్మ ముచ్చటపడి హరునొబు అని పెట్టుకుంది. తీరా చూస్తే నేను బడిలో చేరిన రోజు వాన, ఆటలపోటీల రోజు వాన, కాలేజీ యాత్రకైతే ఏకంగా తుఫాను. నాలాంటివాణ్ణి మావాళ్ళు వానమనిషి అంటారు. ఆఫీసులో అందరూ చెర్రీపూల కింద భోజనాలు పెట్టుకుంటే నాకు మాత్రం కబురందదు.

ఆ శనివారం ఒకాయామాలో తకమత్సు రైలెక్కాను. పనేం లేదు, అక్కడి ఉడాన్ నూడుల్స్ మీద మనసు పోయింది, అంతే. బండి కదిలిందో లేదో కిటికీ మీద చినుకులు. "వచ్చావా తల్లీ" అని గొణుక్కున్నాను.

పక్కసీట్లో అమ్మాయి గిరుక్కున తిరిగింది. లేతాకుపచ్చ పట్టుగౌను, కింద రబ్బరు బూట్లు.

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

"వానతో. నేను వానమనిషిని లెండి."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఖర్మ. నేనూ అంతే" అంది.

పేరు చినాత్సుట. ఇంకేముంది, పోటీ మొదలైంది. నేను తుఫాను గురించి గొప్పగా చెప్పాను. తను తొత్తొరి ఇసుకదిబ్బలకి వెళ్తే అక్కడా కుండపోత వానేనంది. ఇసుకలో వాన కురిపించిన మనిషితో నేనేం పోటీపడతాను? ఓడిపోయానని ఒప్పేసుకున్నాను.

నవ్వుతూనే అసలు సంగతి చెప్పింది. మధ్యాహ్నం తకమత్సులో వాళ్ళక్క పెళ్ళి, తోటలో. నిన్న పిన్ని ఫోన్ చేసి, నువ్వు రాత్రి భోజనాలకి రావే, పెళ్ళి అయ్యేదాకా సముద్రానికి అవతలే ఉండు, వాన తేకు అందిట. నవ్వుతూనే అందిట. ఈమె మాత్రం రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బయల్దేరిపోయింది. చిన్నప్పట్నించీ ఒక్క మంచంలో పెరిగిన అక్క పెళ్ళి చూడకుండా ఎలా ఉంటుంది?

"ఒసాకా నించి ఒక్క చుక్క పడలేదు. మీ పక్కన కూర్చున్నాకే మొదలైంది."

"నేను మీ పక్కన కూర్చున్నాక మొదలైందని కూడా అనుకోవచ్చుగా?"

"వద్దు. మీరు కొజిమాలో దిగిపోండి. వానని కూడా దింపేసుకోండి."

కొజిమా స్టేషన్ దాటితే ఇంక వంతెనే, కింద సముద్రం, అవతలి ఒడ్డున తకమత్సు. అనేసి తనే నాలిక్కరుచుకుని, తప్పుగా అనుకోకండి అంటూ నా చేతిలో నారింజ మిఠాయి పెట్టింది. మళ్ళీ కిటికీ వైపు తిరిగి, వాన ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ కూర్చుంది. ఆ చూపుకి నా గుండె జారి సరాసరి ఆ రబ్బరు బూట్లలో పడింది.

కొజిమా వచ్చింది. ఇప్పుడే వస్తానని చెప్పి వెనక తలుపు దగ్గరికి నడిచాను. దిగిపోయాను.

రైలు వెళ్ళిపోయింది. వాన దంచుతోంది. పోనీలే, మొత్తం నేనే పట్టేసుకున్నాను, పెళ్ళి పొడిగా జరుగుతుంది అని ఛాతీ విరుచుకున్నాను. వెంటనే ఫోన్ నంబరు అడగలేదని గుర్తొచ్చి నీరుగారిపోయాను. అప్పుడు కనిపించింది, ప్లాట్‌ఫారం ఆ చివర ప్లాస్టిక్ గొడుగు కింద, లేతాకుపచ్చ గౌను.

"మీరెందుకు దిగారు?" అంది.

"మీరు దిగమన్నారుగా. మరి మీరు?"

"వాన తెచ్చింది మీరు కాదేమో, నేనేనేమో అనిపించింది." తల దించుకుంది. "నావల్ల అక్క తడవకూడదు."

ఇద్దరం నవ్వడం మొదలెట్టాం. సగంలో ఆమె నవ్వు ఏడుపైపోయింది. నేను రుమాలు ఇచ్చాను, అదీ తడిసే ఉంది. అంతలో ఆమె ఫోన్ మోగింది. అక్క. గొంతు నాక్కూడా వినిపించేంత గట్టిది.

"పిన్ని చేసిన నిర్వాకం ఇప్పుడే తెలిసింది. ఎక్కడున్నావే? ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. నువ్వు లేని ఎండ నాకెందుకు? వానని వెంటపెట్టుకునే రా. నువ్వొచ్చేదాకా కుర్చీలోంచి లేవను."

తరవాతి రైలెక్కాం. వంతెన మీద ఎటు చూసినా బూడిదరంగు నీళ్ళే. ఇద్దరం కలిసి వెళ్తే తుఫానొస్తుందేమో అని ఆమె భయపడింది. ఇంక ఆగలేకపోయాను.

"మీరు దిగమంటే ఏ స్టేషన్లోనైనా దిగిపోతాను. కానీ ఇకమీద కలిసే దిగుదామండీ. నాకు మీరు బాగా నచ్చారు."

చెవులదాకా ఎర్రబడింది. గొడుగు పట్టీ విప్పింది, పెట్టింది, మళ్ళీ విప్పింది. చివరికి, "పెళ్ళయ్యాక ఉడాన్ తింటారా? మంచి కొట్టు నాకు తెలుసు" అంది.

తోటలోకి అడుగుపెట్టామో లేదో మబ్బొచ్చింది. అయితే ఎండ కూడా పోలేదు. నిండు ఎండలోనే సన్నటి వాన. అందరూ తలెత్తి చూశారు.

"నక్కల పెళ్ళి వాన" అని సణిగింది పిన్ని. ఎండావానా కలిస్తే మావాళ్ళు అనే మాటే.

తెల్లటి ముసుగు కిందనించి అక్క నన్ను చూసింది, చెల్లెల్ని చూసింది, మా ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క గొడుగునీ చూసింది.

"ఇవాళ పెళ్ళి నాది పిన్నీ. ఈ నక్కలది వచ్చే ఏడు చేద్దాంలే."

చినాత్సు కాదనలేదు. గొడుగు మాత్రం కొంచెం నా వైపు జరిపింది.