పలకకూడని కాలువ

మడ చెట్ల మధ్య ఆ ఇరుకు కాలువలో చీకటి పడ్డాక ఎవరు పిలిచినా పలకకూడదు. గాంబియా తీరంలో ఆ ఉప్పు మడుగు చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటికీ ఈ సంగతి తెలుసు. ఆడగొంతు... ఒక్కోసారి పేరు పెట్టి మరీ పిలుస్తుందట. పలికినవాళ్ళ పడవ తెల్లారేసరికి బోర్లాపడి తేలుతుందట. సర్కారు ఆ మడుగుని పక్షుల పార్కు చేసి, బోర్డులు పాతి, గార్డుల్ని పెట్టింది. ఆ గార్డులు కూడా అక్కడ తల తిప్పుకునే పోతారు.

సిరా టీచరు చిన్నప్పటినుంచీ వింటున్నదే. నమ్మలేదు, అంతే.

శనివారం తన క్లాసు పిల్లలు ముప్ఫై ఒక్కమందినీ పార్కుకి తీసుకెళ్ళి, గూడబాతుల దీవి చూపించాలని ఆమె ఏర్పాటు. ముందు దారంతా తన కళ్ళతో చూసుకోవాలని గురువారం బడి వదలగానే అన్సుమానా పడవెక్కింది. అరవై దాటిన మనిషి అన్సుమానా. తెడ్డు వేయడం తప్ప ఇంకో పని ఎరగడు.

దీవిలో ఆమెకి ఎంతకీ తెమల్లేదు. పిల్లలు ఎక్కడ దిగాలి, నీడ ఎక్కడుంది, లైఫ్ జాకెట్లు సరిపోతాయా... వాటిని ఒక్కొక్కటీ విప్పి చూసింది.

"పొద్దు వాలుతోంది టీచరమ్మా. జాకెట్లు శనివారం దాకా ఎక్కడికీ పోవులే."

"ఒక్క తాడు ఊడినా తల్లులకి జవాబు చెప్పుకోవాల్సింది నేను, బాబాయ్."

బయల్దేరేసరికి సూర్యుడు మునిగాడు. గాలి లేచింది. నడి మడుగులో అలలు పడవలోకి కొట్టడం మొదలుపెట్టాయి. ఊరు చేరడానికి ఇక మిగిలిన దారి ఆ కాలువ ఒక్కటే.

అన్సుమానా దండచేతి తాయెత్తు తడుముకున్నాడు. "లోపలికెళ్ళాక నోరు విప్పకు. ఎవరు పిలిచినా సరే."

"ఎవరు పిలుస్తారు బాబాయ్?" అని నవ్వింది సిరా.

అతను నవ్వలేదు.

కాలువలోకి తిరగ్గానే గాలి కోసేసినట్టు ఆగిపోయింది. ఆకుల సందుల్లోంచి పల్చటి వెన్నెల. తెడ్డు మీంచి జారే నీటి చప్పుడు... అంతే. సగం దూరం వచ్చారో లేదో —

"ఎవరదీ... పడవలో ఎవరదీ..."

ఆడగొంతు. బొంగురుపోయింది. ఎడమపక్క మడచెట్ల వేళ్ళ గుబురులోంచి వస్తోంది.

"ఇటు... ఇటు రండి..."

సిరా ఆ గుబురు వైపు వంగింది. పలకబోతూ నోరు తెరిచింది. అన్సుమానా తడి అరచెయ్యి వచ్చి ఆ నోటిని మూసింది. గట్టిగా పట్టిందేం కాదు. లాగేయాలంటే ఆమె లాగేయగలదు.

లాగలేదు.

గొంతు ఇంకో నాలుగుసార్లు పిలిచింది. తర్వాత ఏడుపైంది. తర్వాత వినబడలేదు.

ఆ రాత్రి సిరా కన్ను మూతపడలేదు. దెయ్యానికి గొంతు బొంగురుపోతుందా? ఆ ప్రశ్న ఆమెని పడుకోనివ్వలేదు. తొలికోడి కూయకముందే రేవుకి పరిగెత్తింది. అక్కడ పడవ పక్కనే, ఇసకలో, అన్సుమానా కూర్చుని ఉన్నాడు. ఇంటికే పోలేదు.

ఇద్దరూ కలిసి పడవ తోశారు.

పోటు దిగిపోతోంది. వేళ్ళ మధ్య మనిషి ఉంది. సంతలో ఆల్చిప్పలమ్మే కుంబా. వేళ్ళకి అంటుకున్న చిప్పలు కొట్టడానికి దిగి, రెండు వేళ్ళ సందున కాలు పిక్కదాకా ఇరుక్కుపోయింది. ఊపిరుంది. ఆమె వెనక మాను మీద రాత్రి నీళ్ళు ఎక్కిన తడి గుర్తు... ఆమె నెత్తికి జానెడు పైన ఉంది.

వేరు నరికి, పడవలో పడుకోబెట్టారు. సిరా తన తలగుడ్డ విప్పి కప్పింది, నీళ్ళు పట్టింది.

"పిలిచాను," అంది కుంబా.

"విన్నాను," అంది సిరా.

కుంబా తిట్టలేదు. తల ఎత్తి పడవంతా వెతుక్కుంది. "ఆవిడేది?"

"ఎవరు?"

"రాత్రి మీ ఇద్దరి మధ్యా కూర్చున్నావిడ. మీరు పలకలేదు. ఆవిడొక్కతే నీళ్ళల్లోకి దిగి వచ్చింది. తెల్లారేదాకా నా తల పట్టుకుని, ఊపిరి తీసుకో, ఊపిరి తీసుకో అంటూనే ఉంది."

సిరా తన ముందున్న ఖాళీ బల్లచెక్క కేసి చూసింది. తెడ్డు చప్పుడు ఆగింది.

"మణికట్టుకి పూసలున్నాయా?" అన్సుమానా వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఉన్నాయి. నీలం పూసలు. రెండు పేటలు."

అన్సుమానా తెడ్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా భార్య," అన్నాడు అన్సుమానా. "పదిహేడేళ్ళ కింద, తను పోయిన రాత్రి, ఇక్కణ్ణించే నన్ను పిలిచింది, టీచరమ్మా. పేరు పెట్టి పిలిచింది... నేను పలకలేదు."